ఆ చెయ్యి కాదు

మా నాన్నగారి నోటి నుంచి నేను ఎక్కువసార్లు విన్నది నా పేరు కాదు, "ఆ చెయ్యి కాదు" అన్న మాట.

కంచం ముందు కూర్చుంటే ఆ చెయ్యి కాదు. గుళ్ళో తీర్థానికి చెయ్యి చాపితే ఆ చెయ్యి కాదు. చుట్టాలొచ్చారని మంచినీళ్ళు పట్టుకెళితే, గ్లాసు వాళ్ళకి అందేలోగానే వెనక నుంచి కేక పడేది: "ఒరేయ్, ఆ చెయ్యి కాదు!" ఆ కేకకి ఉలిక్కిపడి చుట్టాల పంచెల మీద నీళ్ళు పోసిన రోజులు బోలెడు. విచిత్రం ఏంటంటే, నీళ్ళు పోసినందుకు ఎవరూ తిట్టేవారు కాదు. ఎడం చేత్తో పోసినందుకే తిట్టేవారు.

నాది పుర్రచేతి వాటం. దేవుడు అలా పుట్టించాడు, నేనేం అర్జీ పెట్టుకోలేదు. ఈ లోకంలో వస్తువులన్నీ కుడిచేతి వాళ్ళు తమకోసమే చేసుకున్నారని మాత్రం నాకు చిన్నప్పుడే అర్థమైపోయింది. కాలేజీలో కుర్చీకి రాసుకునే చెక్క కుడివైపే ఉండేది. నేను నడుం మెలితిప్పి పక్కకి తిరిగి రాస్తుంటే, పరీక్షల్లో కాపలా ఉన్న మాస్టారు నేను పక్కవాడి పేపర్లోకి చూస్తున్నానని రెండుసార్లు నా చోటు మార్చారు. పక్కవాడు నాకంటే మొద్దు. ఆ సంగతి చెప్పినా ఆయన నమ్మలేదు. బ్యాంకుకి వెళితే పెన్నుని దారంతో కుడివైపు కట్టేసి ఉంచుతారు. ఆ దారం నా ఎడం చేతి దాకా రాదు. కాస్త లాగితే కౌంటరు వెనకాల అమ్మాయి "తెంపేస్తారేంటండి?" అని గయ్యిమంటుంది. కత్తెర సంగతి చెప్పనే అక్కర్లేదు. నా చేతిలో పడితే అది కాగితాన్ని కత్తిరించదు, నములుతుంది. మొద్దుబారిందేమోనని కొత్తది కొన్నాను. ఎడం చెయ్యి తీసి పుర్రచెయ్యి పెట్టినట్టయింది. అదీ నమిలింది.

మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పులుసు గరిటకి మూతి ఒకవైపే ఉంటుంది. నేనెప్పుడైనా వడ్డిద్దామని సరదాపడితే పులుసు కంచంలోకి కాకుండా నా లుంగీ మీదకి వస్తుంది. "మీరు సాయం చెయ్యకపోవడమే పెద్ద సాయమండి" అంటుంది ఆవిడ, గరిట లాక్కుంటూ.

రాత విషయంలో మాత్రం ఒకటో తరగతి టీచరుగారి పుణ్యమా అని బతికిపోయాను. "అక్షరం ముత్యంలా ఉందండి, వాణ్ణి వదిలెయ్యండి" అని ఆవిడ నాన్నగారికి గట్టిగా చెప్పారు. నాన్నగారు టీచర్ల మాట కాదనరు. రాయడం వాడిష్టం, తినడమూ ఇవ్వడమూ మాత్రం కుడి చేత్తోనే అని రాజీ కుదిరింది. తినడం నేర్చుకున్నాను. ఇవ్వడం మాత్రం ఇవాళ్టికీ నాకు సరిగ్గా రాలేదు. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు ఎడం చెయ్యే లేస్తుంది. మా వృత్తిలో అది చిన్న తప్పేం కాదు.

ఎందుకంటే మాది కొట్టు. రాజమండ్రి బజారులో ఓ సందులో తాతగారు పెట్టిన పచారీ కొట్టు. పసుపు కొమ్ములు, కుంకుమ, శొంఠి, పిప్పళ్ళు, వాము, కరక్కాయలు, సాంబ్రాణి, ఇలాంటివన్నీ అమ్ముతాం. తాతగారి తర్వాత నాన్నగారు నడిపారు. ఇప్పుడు నేను నడుపుతున్నానని నేననుకుంటాను. డెబ్బై నాలుగేళ్ళ మా నాన్నగారు, గల్లాపెట్టె పక్కన వాలుకుర్చీలో కూర్చుని, ఇంకా తనే నడుపుతున్నాననుకుంటారు.

కొట్టన్నాక పొద్దున్నే బోణీ ముఖ్యం. మొదటి బేరం మంచి చేత్తో జరిగితే ఆ రోజంతా బాగుంటుందని మావాళ్ళ నమ్మకం. నాకు పదిహేనేళ్ళప్పటి నుంచి కొట్టు తలుపులు తీసేది నేను, ఊడ్చేది నేను, ముందర నీళ్ళు చల్లేది నేను, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించేది నేను. బోణీ వేళకి మాత్రం "నువ్వు కాస్త పక్కకి జరగరా" అనేవారు నాన్నగారు. ఆయన రావడం ఆలస్యమైతే వచ్చిన మనిషిని నిలబెట్టాల్సిందే. ఓసారి ఒకాయన కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ వాము కోసం వచ్చాడు. "నాన్నగారు స్నానం చేస్తున్నారండి, ఒక్క ఐదు నిమిషాలు" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. నాన్నగారికి కంటి ఆపరేషన్ అయిన మూడు రోజులూ పక్క కొట్టాయన వచ్చి మా బోణీ చేసి వెళ్ళాడు. సొంత కొట్లో, సొంత కొడుకుని, కర్రలా పక్కన నిలబడ్డాను. ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం చాలా ఉంది కానీ, అది నాన్నగారి ముందుకి వచ్చేసరికి చెప్పులు బయట విడిచేసి వస్తుంది.

కొట్లో నాకు ఏనాడూ తిట్లు పడని పని ఒకటుంది, పొట్లం కట్టడం. మా దగ్గర ఇప్పటికీ కాగితం పొట్లాలే. పైన వేలాడే ఉండలోంచి పురికొస లాగి, పొట్లానికి రెండు చుట్లు తిప్పి ముడేస్తాం. చివర రెండు కొసలు మిగులుతాయి. ఒకటి లాగితే ముడి ఊడుతుంది, రెండోది లాగితే బిగుసుకుంటుంది. ఈ పని నాన్నగారి పక్కన నిలబడి చూసి రెండు రోజుల్లో నేర్చేసుకున్నాను. మిగతా పనులన్నీ బుర్రలో ఒకసారి తిరగేసుకుంటే గానీ నా చేతికి ఎక్కేవి కావు. ఇదొక్కటే చూసింది చూసినట్టు వచ్చేసింది. పొట్లాలు కట్టడానికే పుట్టానని మురిసిపోయేవాణ్ణి.

మాకు ఒక్కతే కూతురు. ఆరేళ్ళు. అది పాలడబ్బా ఎడం చేత్తో పట్టుకున్న రోజు నేను ఊరంతా చెప్పుకున్నాను. ఇన్నాళ్ళకి నాకో తోడు దొరికింది! "మీ ఇంటి వాటమే" అంది మా ఆవిడ, మెచ్చుకోలో దెప్పుడో తెలియకుండా. బడి వదలగానే పిల్ల ఆటోలో కొట్టుకే వస్తుంది. తాతయ్య కుర్చీ పక్కన చిన్న స్టూలేసుకుని హోమ్‌వర్కు రాసుకుంటుంది. సాయంత్రం మా ఆవిడ వచ్చి ఇంటికి తీసుకెళుతుంది.

మొన్న వేసవి తర్వాత బళ్ళు తెరిచిన కొత్తలో, ఒక సాయంత్రం నేను గోడౌన్ నుంచి కొట్లోకి వచ్చేసరికి పిల్ల కుడి చేత్తో రాస్తోంది. నాలిక బయటపెట్టి, చెమటలు కక్కుతూ, ఒక్కో అక్షరాన్నీ చెక్కుతోంది. ఎడం చెయ్యి స్టూలు కోడుకి కట్టేసి ఉంది. నాన్నగారి గళ్ళ రుమాలు. నన్ను చూడగానే పిల్ల ఆ చేతిని గౌను కింద దాచుకోబోయింది. కట్టేసి ఉంది కదా, రాలేదు.

"తాతయ్య చెడ్డ చెయ్యిని పడుకోబెట్టారు నాన్నా" అంది.

"నాన్నగారూ, ఏంటండీ ఇది?" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నొప్పి లేకుండానే కట్టాన్లేరా. నిన్ను వదిలేసి తప్పు చేశాను. ఆడపిల్ల, రేపు నలుగురిలో తిరగాలి. పసిదిగా ఉన్నప్పుడే మార్చాలి."

కొట్టు నిండా జనం. నేను వంగి రుమాలు విప్పేశాను, అంతే. మర్నాడు మళ్ళీ కట్టారు. ఇంట్లో మా ఆవిడ చీపురు చేత్తో పట్టుకునే అడిగింది: "మామయ్యగారితో మీరు మాట్లాడతారా, నన్ను మాట్లాడమంటారా?" నేనే మాట్లాడతానన్నాను. మూడు రోజులు మాట్లాడలేదు. స్కూటర్ మీద వెళుతూ గట్టిగా రిహార్సల్ చేసుకునేవాణ్ణి. సిగ్నల్ దగ్గర పక్కవాళ్ళు వింతగా చూసేవారు. కొట్టుకి చేరగానే ఆ మాటలన్నీ గోదాట్లో కలిసిపోయేవి.

మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర పిల్ల నా ఎడం చేతిని చూస్తూ అడిగింది: "నాన్నా, నీది కూడా చెడ్డ చెయ్యేనా?"

ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాను. నన్నెన్ని అన్నా పడ్డాను. దాని చేతిని అది ఇంక జన్మంతా దాచుకుంటుందేమోనని మాత్రం నిజంగా భయమేసింది. శనివారం ఏదేమైనా మాట్లాడి తీరాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ వారమే మా కొట్లో కొత్త గుమాస్తా చేరాడు. యాభై ఏళ్ళ మనిషి, వేరే కొట్లో పాతికేళ్ళు పొట్లాలు కట్టి వచ్చినవాడు. శనివారం సాయంత్రం, నేను గుండె దిటవు చేసుకుని నాన్నగారి వైపు తిరిగేసరికి, ధవళేశ్వరం మామ్మగారు మెట్లెక్కి వచ్చారు. ఆవిడ మా పాత ఖాతాదారు. అందరం ఆవిణ్ణి ఊరి పేరుతోనే పిలుస్తాం. చేతిలో ఓ పొట్లం ఉంది, తెరవనిది.

"ఇది మీ కొట్టుది కాదండి బాబూ" అన్నారు, పొట్లం నా ముందు పెడుతూ.

"మాదేనండి మామ్మగారూ. మొన్న మీరు తీసుకెళ్ళిన శొంఠే కదండి?"

"శొంఠి మీదే. ముడి మీది కాదు. నేను కళ్ళు మూసుకుని ఎడమవైపు కొస లాగేస్తానండి ఎప్పుడూ. టక్కున ఊడిపోద్ది. మొన్న లాగితే పీటముడి పడిపోయింది. కత్తెర కనపళ్ళేదు, ఇంక అలాగే పట్టుకొచ్చేశాను."

గుమాస్తాకి పౌరుషం వచ్చింది. "నేను కట్టింది అందరూ కట్టేదేనండి, కుడివైపు లాగాలి. ఈ కొట్లోనే తిరగేసి కడతారు. పుర్రచేతి ముడండి అది."

"ఆయ్, అయితే నేను కట్టినవై ఉంటాయిలెండి" అన్నాను తప్పు ఒప్పుకుంటూ.

"మీరా?" మామ్మగారు నవ్వేశారు. "మీరు పుట్టనే లేదండి బాబూ! నేను కాపరానికొచ్చిన కొత్తలో గల్లా మీద మీ తాతగారు కూర్చునేవారు, పొట్లాలు కట్టేది మీ నాన్నగారు. అప్పటి నుంచీ ఎడమవైపేనండి."

నేను నాన్నగారి వైపు చూశాను. ఆయన పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"రేపు గోదావరి స్నానానికి పొద్దున్నే వస్తాను, పసుపు కొమ్ములు కావాలి. మీ ముడేసి ఉంచండి" అని చెప్పి మామ్మగారు వెళ్ళిపోయారు. నేను గుమాస్తాని టీకి పంపించేసి, ఓ కాగితం ముక్కలో గుప్పెడు వాము పోసి నాన్నగారి ముందు బల్ల మీద పెట్టాను.

"కట్టండి నాన్నగారూ."

"ఇప్పుడెందుకురా?"

"ఒక్కటి."

ఆయన పేపరు దించారు, లేచారు, పురికొస లాగారు. నలభై రెండేళ్ళుగా నేను ఆ పొట్లాన్నే చూశాను గానీ, కట్టే చేతుల్ని ఎప్పుడూ చూడలేదు. కుడి చెయ్యి పొట్లాన్ని అదిమి పట్టుకుని ఊరికే ఉంది. పనంతా ఎడం చెయ్యే చేసింది. కొస లాగడం, తిప్పడం, మెలేసి తెంపడం, అంతా చిటికెలో. కళ్ళున్నాయి గానీ ఏం లాభం, ఓరి నా బుర్రా అనుకున్నాను.

"మీరు కూడానా?" అన్నాను.

నాన్నగారు బెల్లం దొంగిలిస్తూ దొరికిపోయిన పిల్లాడిలా నవ్వారు. ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "అన్నం తినేటప్పుడు, బళ్ళో రాసేటప్పుడు, కొట్లో ఇచ్చేటప్పుడు మా నాన్న కళ్ళు నా చేతి మీదే ఉండేవిరా. పొట్లం కట్టేటప్పుడు రెండు చేతులూ ఆడతాయి కదా. ఏ చెయ్యి ఏం చేస్తోందో ఎవడు చూస్తాడు?"

ఆ రోజూ చెయ్యి కట్టేసి ఉన్న పిల్ల స్టూలు మీద నుంచి అంతా వింటోంది. "తాతయ్యా, నీ చెడ్డ చెయ్యిని ఎవరు పడుకోబెట్టారు?" అంది.

"మా నాన్న."

"రుమాలుతోనా?"

నాన్నగారు పైన వేలాడుతున్న పురికొస ఉండ వంక చూశారు. తర్వాత తన ఎడం మణికట్టుని కుడి చేత్తో పట్టుకున్నారు. "దీంతో అమ్మా. బల్ల కోడుకి. ఇది గుచ్చుకుంటది. అందుకే కదా, నీకు రుమాలు కట్టాను."

మూడు రోజులుగా కూడబెట్టిన నా పోట్లాట ఒక్క ముక్క కూడా పనికిరాలేదు. ఆయన మీద కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు, జాలితో నా కళ్ళు నిండాయి. ఆయన్ని పట్టుకోవాలనిపించింది. మా ఇంట్లో అలాంటి అలవాట్లు లేవు. గల్లాపెట్టె మీద దుమ్ము లేకపోయినా గుడ్డ పెట్టి తుడిచాను.

పిల్లకి అలాంటి మొహమాటాలేం లేవు. వంగి, రుమాలు కొస పళ్ళతో పట్టుకుని లాగింది. ఎడమవైపు కొస. టక్కున ఊడిపోయింది. ఆ రుమాలు తీసుకెళ్ళి తాతయ్య కుడి చేతికీ కుర్చీ చేతికీ కలిపి చుట్లు చుట్టేసింది. ముడి రాలేదు, ఊరికే దోపింది. నోటుపుస్తకం ఆయన ఒళ్ళో పెట్టి, పెన్సిలు ఎడం చేతికిచ్చింది.

"ఇప్పుడు నువ్వు రాయి."

"నాకు రాదమ్మా ఆ చేత్తో."

"రాస్తే వస్తుంది. నాకలాగే చెప్పావుగా?"

ఆయన ఆ వదులు రుమాలుని ఒక్క విదిలింపుతో తీసేసుకోవచ్చు. తీసుకోలేదు. పెన్సిలు వైపు చూసి, నా వైపు చూసి, 'అ' అని రాశారు. వంకరగా, పెద్దగా, గీత దాటి పోయింది. పిల్ల పుస్తకం తిప్పి చూసింది.

"బాలేదు తాతయ్యా. మళ్ళీ రాయి."

మళ్ళీ రాశారు. గుమాస్తా టీ తాగి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. నేను వేలు పెదాల మీద పెట్టుకుని సైగ చేశాను. నాన్నగారు ఆ పేజీ అంతా 'అ' రాశారు. ఆఖరి వరసకి వచ్చేసరికి ఒకటి నిజంగా బాగానే వచ్చింది. పిల్ల దాని పక్కన టిక్కు పెట్టింది. ఆయన రుమాలు మడతపెట్టి జేబులో పెట్టుకుని, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆదివారం బడి లేదు కాబట్టి పిల్ల పొద్దున్నే నాతో కొట్టుకి వచ్చింది. నేను తలుపులు తీశాను, ఊడ్చాను, నీళ్ళు చల్లాను, అగరొత్తి వెలిగించాను. బోణీ వేళకి అలవాటు ప్రకారం నాకు నేనే పక్కకి జరిగాను. మామ్మగారు తడి జుట్టుతో, గోదావరి నీళ్ళ చెంబుతో వచ్చారు. నాన్నగారు పసుపు కొమ్ములు పొట్లం కట్టారు. ఈసారి దాచుకోకుండా, తీరిగ్గా కట్టారు. కట్టి, ఆవిడకి ఇవ్వలేదు.

"అమ్మలూ, ఇలా రా. ఇవాళ బోణీ నువ్వు చెయ్యి" అన్నారు.

పిల్ల పరుగెత్తుకొచ్చి పొట్లాన్ని ఎడం చేత్తో అందుకుంది. అందుకున్నాక ఏం గుర్తొచ్చిందో, మొహం చిన్నబోయింది. గబుక్కున పొట్లాన్ని కుడి చేతిలోకి మార్చుకుని, ఎడం చేతిని వీపు వెనక్కి పెట్టుకుంది.

నాన్నగారు వంగి, వీపు వెనకున్న ఆ చిన్న చేతిని ముందుకి తెచ్చారు.

"ఆ చెయ్యి కాదమ్మా" అన్నారు. "ఇది."

పొట్లాన్ని మళ్ళీ ఎడం చేతిలో పెట్టారు. పిల్ల మామ్మగారికి అందించింది. ఆవిడ పొట్లాన్ని రెండు చేతులా పుచ్చుకుని కళ్ళకద్దుకున్నారు. నా సంగతి అడుగుతారా? ఆనందంతో పాటు కాస్త ఈర్ష్య కూడా వేసింది, అబద్ధమెందుకు? నలభై రెండేళ్ళు ఎదురుచూసిన మాట అది, ఆరేళ్ళ పిల్లకి దొరికింది.

నాన్నగారు నా వైపు తిరిగారు.

"నువ్వేంట్రా, దిష్టిబొమ్మలా ఆ పక్కన నిలబడ్డావు? ఇటు జరుగు. రేపటి బోణీ నీది."